జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన పీటర్సన్ పైపు: వెండేనా? శుభ్రం చేయడం ఎలా?

కిరణ్_మలక్‌పేట | గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పాత ఎబొనైట్ పెన్నులు సేకరిస్తాను. పొగ తాగే పైపుల గురించి ఓనమాలు కూడా రావు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఈ రోజు తెల్లవారుజామున పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కి పెన్నుల కోసమే వెళ్ళాను. ఒక పెద్దాయన గోనెపట్టా మీద తాళాలు, వాచీ డయల్స్, తుప్పు పట్టిన స్పూన్లు పోసుకుని కూర్చున్నాడు. వాటి కింద ఈ పైపు. "అస్లీ చాందీ, అంగ్రేజోం కే జమానే కా" (అసలైన వెండి, ఇంగ్లీషువాళ్ళ కాలంది) అన్నాడు. రెండు వేలు చెప్పి చివరికి ఏడు వందలకి ఇచ్చాడు.

బాగా వంపు తిరిగిన పైపు. చెక్క మెడ చివర తెల్లటి లోహపు టోపీ ఉంది. దాని మీద భూతద్దంలో చూస్తే మూడు చిన్న గుర్తులు: ఒక మూడాకుల కొమ్మ, ఒక కుక్క, ఒక గోపురం. చెక్కకి ఒక పక్క 'పీటర్సన్స్ సిస్టమ్ స్టాండర్డ్' అని, రెండో పక్క మూడు వరుసల్లో 'మేడ్ ఇన్ ది రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్' అని, దాని పక్కన 314 అని ఉంది. లోపల మసి ఎంత పేరుకుందంటే చిటికెన వేలు కూడా దూరడం లేదు. నోట్లో పెట్టుకునే నల్ల భాగం గోధుమ రంగులోకి తిరిగి, ముట్టుకుంటే గరుగ్గా ఉంది. ముక్కు దగ్గర పెడితే అగ్గిపుల్ల గీసినప్పటి వాసన.

నేను పొగ తాగను. బీరువాలో అందంగా పెట్టుకోవాలని నా కోరిక. ఇది వెండేనా? ఎంత పాతది? పాడు చేయకుండా ఎలా శుభ్రం చేయాలి?

---

శైలజ_డబ్లిన్ | గురువారం, రాత్రి 11:15

కిరణ్ గారూ, ముందు ఆ మూడు గుర్తుల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. ఆ ఆకు షామ్‌రాక్, ఆ కుక్క ఐరిష్ వుల్ఫ్‌హౌండ్, ఆ గోపురం ఇక్కడి పాత రాతి రౌండ్ టవర్. మూడూ ఐర్లాండ్ ముద్దుబిడ్డలే గానీ వెండి ముద్రలు కావు. పీటర్సన్ అనే ఇక్కడి పైపుల కంపెనీ వాళ్ళు అలంకారంగా కొట్టిన గుర్తులు. డబ్లిన్‌లో పరీక్ష చేసిన వెండి అయితే కిరీటం పెట్టిన వీణ, కూర్చున్న హైబెర్నియా అనే స్త్రీ మూర్తి, సంవత్సరాన్ని చెప్పే ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం దొరికితే ఏ ఏడాది ముద్ర పడిందో పట్టిక చూసి చెప్పేయొచ్చు. మీ పైపు మీద 'సిస్టమ్ స్టాండర్డ్' అనే ఉంది కాబట్టి అది నికెల్. వెండి టోపీ ఉన్నవాటిని ప్రీమియర్ అని, డీలక్స్ అని అమ్మేవాళ్ళు.

వయసు విషయం: 1922 నుంచి 1937 దాకా ఈ దేశం పేరు ఐరిష్ ఫ్రీ స్టేట్. 1937 రాజ్యాంగంతో ఏర్ అయింది. 1949 ఏప్రిల్‌లో రిపబ్లిక్ అయింది. పైపుల మీద ముద్రలు కూడా ఆ వరుసలోనే మారాయి. మీ దాని మీద రిపబ్లిక్ అని ఉందంటే 1949 తర్వాతదే. అంగ్రేజోం కే జమానే కా మాత్రం కాదు.

అయినా నిరాశ పడకండి. సిస్టమ్ పైపు అంటే 1890లో ఛార్లెస్ పీటర్సన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. పొగ వచ్చే దారికి కింద, మెడలో ఒక చిన్న గుంట తొలిచి ఉంటుంది. తడి అంతా ఆ గుంటలోకి దిగిపోతుంది, నోట్లోకి రాదు. నోటి భాగం చివర చూడండి, రంధ్రం కొసన కాకుండా పైకి తెరుచుకుని ఉంటుంది. దాన్ని పి-లిప్ అంటారు. పొగ నాలుక మీద కాకుండా అంగిలి వైపు వెళ్ళడానికి అలా చేశారు. ఇక్కడ నసావ్ స్ట్రీట్‌లో వాళ్ళ షాపు ఉంది, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ అద్దాల ముందు ఒక నిమిషం ఆగకుండా ఉండలేను.

---

రామం_రాజమండ్రి | శుక్రవారం, ఉదయం 6:05

కిరణ్ బాబూ, పెన్నులు సేకరిస్తానన్నావు కాబట్టి నీకు సగం పని తెలిసినట్టే. ఆ నల్ల భాగం నీ పెన్నుల ఎబొనైటే. ఇంగ్లీషువాళ్ళు వల్కనైట్ అంటారు. మా ఊళ్ళో రత్నం పెన్నులు చేసేది కూడా దీనితోనే. నేను ముప్పై ఏళ్ళు లేత్ మీద ఎబొనైట్ కడ్డీలు తిప్పినవాణ్ణి, పెన్ను మూత అయినా పైపు కాడ అయినా నాకు ఒకటే.

ఎబొనైట్ అంటే రబ్బరులో దాదాపు మూడో వంతు గంధకం కలిపి గట్టిపరిచిన పదార్థం. ఎండ, తేమ తగిలితే ఆ గంధకం పైకి తేలి గోధుమ రంగు వస్తుంది. నీకు తగిలిన అగ్గిపుల్ల వాసన అదే. ఇది కుళ్ళు కాదు, పై పొర మాత్రమే. కింద నలుపు భద్రంగా ఉంటుంది.

వేడి నీళ్ళలో నానబెట్టకు, ఇంకా ముదిరిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ దొరుకుతుంది. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా వెళ్ళు. చల్లటి నీళ్ళలో ముంచుకుంటూ రుద్దు. రుద్దుతుంటే పసుపు రంగు బురదలా కారుతుంది. ఆ కారడం ఆగి నీళ్ళు నల్లగా మారాయంటే పాత పొర పోయి అసలు ఎబొనైట్ తగిలిందని అర్థం. అప్పుడు పై నంబరుకి వెళ్ళు. ఒక్క నంబరు దాటేసినా గీతలు తర్వాత వెక్కిరిస్తాయి. పి-లిప్ దగ్గర మెట్టు అంచులు అరగకుండా కాగితాన్ని సన్నగా మడిచి పట్టుకో.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. చెక్క మీద అక్షరాలున్న చోట కాగితం గానీ మెషిన్ గానీ తగలనివ్వకు. ఎందుకో తీరిగ్గా చెప్తాను, ఇప్పుడు గుడికి వెళ్ళాలి.

---

మాధవి_బెజవాడ | శుక్రవారం, ఉదయం 10:20

నేను డెంటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. మా పళ్ళ సెట్లు మెరిపించడానికి ప్యూమిస్ పొడి వాడతాం. డెంటల్ డిపోలో అడిగితే చవగ్గా ఇస్తారు. 2000 నంబరు కాగితం అయ్యాక ఆ పొడిని నీళ్ళలో ముద్దగా కలిపి, మెత్తటి గుడ్డతో రుద్దండి. నేను మా మావయ్యగారి పైపు కాడ అలాగే చేశాను, చివర్లో రెండు చుక్కల ఆలివ్ నూనె రాసి ఒక రాత్రి ఉంచి తుడిచేస్తే కాటుకలా వచ్చింది.

పంటి గాట్లు ఉంటే ముందే రుద్దేయకండి. ఎబొనైట్‌కి తన పాత ఆకారం గుర్తుంటుంది. వేడి చూపిస్తే నొక్కుకున్న చోటు చాలావరకు దానంతటదే పైకి లేస్తుంది. లైటర్ మంట మీద ఒక్క చోట ఆపకుండా అటూ ఇటూ ఆడించాలి. లోపలి దారి మూసుకుపోకుండా ముందే పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చి ఉంచాలి. మిగిలిన గుంటల్ని మెత్తటి బొగ్గు పొడిలో ఫెవిక్విక్ కలిపి పూడ్చి, ఆరాక చదును చేయొచ్చు.

---

కిరణ్_మలక్‌పేట | శుక్రవారం, మధ్యాహ్నం 1:50

శైలజ గారూ, రామం గారూ, మాధవి గారూ, చాలా థాంక్స్. నికెల్ అని తెలిసి ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది గానీ, ఆ గుంట సంగతి చదివాక దాని మీద ప్రేమ పెరిగింది. టార్చి వేసి చూశాను, నిజంగానే మెడలో బావిలా ఒక గుంట, నిండా తారు.

ఒక వీడియోలో బౌల్ (పొగాకు వేసే గిన్నె భాగం) నిండా ఉప్పు పోసి, ఆల్కహాల్ వేసి రాత్రంతా ఉంచమన్నారు. చేయొచ్చా?

---

సుధీర్_న్యూజెర్సీ | శుక్రవారం, సాయంత్రం 6:30

చేయొచ్చు బ్రదర్. నేను ఇక్కడ ఎస్టేట్ సేల్స్‌లో కొన్నవి ఇరవై దాకా ఉప్పుతోనే శుభ్రం చేశాను. పొద్దున్నకి ఉప్పు కాఫీ రంగులోకి మారుతుంది, పాత పొగాకు వాసన పోతుంది. ఒక్కటి కూడా పగల్లేదు.

ఇంకో మాట. అక్కడి బజార్లలో నిజమైన వెండి ముద్రతో, 1910 ముందువి ఏమైనా దొరికితే నాకు చెప్పండి. మంచి ధర ఇస్తాను, కొరియర్ ఖర్చు నాదే.

---

రామం_రాజమండ్రి | శుక్రవారం, రాత్రి 8:10

సుధీర్ బాబూ, నీ ఇరవై పైపులు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. నేను మాత్రం ఉప్పు వద్దంటాను. పైపుల చెక్క బ్రయర్. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరు దగ్గర బుడిపెలా ఊరే గడ్డ అది. గట్టిదే గానీ ఉప్పు నీరు పీల్చుకుని మెడలోకి దిగితే చెక్క ఉబ్బి సన్నగా చీలిన పైపులు నేను రెండు చూశాను. కిరణ్ పైపుకి మెడలో గుంట ఉంది, టోపీ బిగించి ఉంది. ఉప్పు ఆ మూలల్లో ఇరుక్కుంటే ఎలా తీస్తాం? దూది చాలు. బౌల్‌లో దూది కూరి, డ్రాపర్‌తో ఆల్కహాల్ పోసి, గుంటలోకి దూది వత్తి ఒకటి దించి రాత్రంతా ఉంచితే అదే తారు దూదిలోకి ఎక్కుతుంది. రెండు మూడు రాత్రులు పడుతుంది, పట్టనీ.

ఏ ఆల్కహాల్ అన్నది ముఖ్యం. పెయింట్ షాపుల్లో అమ్మే డీనేచర్డ్ స్పిరిట్ వద్దు, అందులో మిథనాల్ కలుస్తుంది. నోట్లో పెట్టుకునే వస్తువుకి అది పనికిరాదు. వోడ్కా మంచిది. బయటి చెక్క మీద ఒలకనివ్వకు, పాలిష్ కరిగిపోతుంది.

ఇప్పుడు పొద్దున్న ఆపిన మాట. చాలా ఏళ్ళ కిందట వాల్తేరులో ఒక ప్రొఫెసర్ గారు నా పెన్నులు కొనేవారు. వాళ్ళ నాన్నగారి డన్‌హిల్ అనే ఇంగ్లీషు కంపెనీ పైపు తెచ్చి, రామం, దీన్ని కొత్తదానిలా చెయ్యి అన్నారు. కాడ మీద తెల్ల చుక్క, ఎర్రటి చెక్క. డన్‌హిల్ పైపుల మీద ఇంగ్లండ్ అనే మాట చివరి డి అక్షరం పక్కన ఒక చిన్న అంకె కొడతారు. అది తయారైన సంవత్సరాన్ని చెప్తుంది. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. బఫింగ్ చక్రం మీద ట్రిపోలీ పాలిష్ వేసి చెక్క అంతా తిప్పేశాను. అద్దంలా మెరిసింది. ప్రొఫెసర్ గారు చేతిలోకి తీసుకుని, వేలితో మెడ మీద తడిమి చూశారు. ఇక్కడ అంకె ఉండేది, నాన్న నా చిన్నప్పుడు చూపించేవారు అన్నారు. డి అక్షరం సగం ఉంది, అంకె లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, డబ్బులు కూడా ఇచ్చి వెళ్ళారు. ఆ మెరుపు ఎవరైనా తేగలరు, ఆ అంకె ఇంకెవరూ తేలేరు. అందుకే ఇప్పుడు ముద్రలున్న చోట ముందు టేపు అంటించాకే మిగతా పని ముట్టుకుంటాను.

---

శైలజ_డబ్లిన్ | శుక్రవారం, రాత్రి 11:50

రామం గారూ, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

సుధీర్, వంద ఏళ్ళు దాటిన కళాత్మక వస్తువులు మన 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. ప్రైవేటు వాళ్ళు దేశం దాటించకూడదు. 1910 ముందు వెండి పైపుని మామూలు కొరియర్‌లో వేస్తే పంపినవాళ్ళకే చిక్కు. మీకు పాత వెండివి కావాలంటే ఇంగ్లండ్, ఐర్లాండ్ వేలాల్లో చూడండి. బర్మింగ్‌హామ్ ముద్ర అయితే లంగరు గుర్తు, లండన్ అయితే చిరుతపులి తల.

---

సుధీర్_న్యూజెర్సీ | శనివారం, ఉదయం 5:15

నాకు ఆ చట్టం తెలియదు శైలజ గారూ, చెప్పి మంచి పని చేశారు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రామం గారూ, సిస్టమ్ పైపుకి ఉప్పు వద్దన్నది ఒప్పుకుంటున్నాను. గుంట సంగతి నేను ఆలోచించలేదు.

కొనేటప్పుడు నేను చూసేవి కిరణ్‌కి చెప్తాను, మళ్ళీ బజార్‌కి వెళ్తే పనికొస్తాయి. మసి ఎంత ఉన్నా భయం లేదు, అది కొన్నిసార్లు చెక్కని కాపాడుతుంది. భయపడాల్సింది పగులు చూసి. మెడ చివర, కాడ దూరే చోట టార్చి పక్క నుంచి వేసి చూస్తే వెంట్రుక లాంటి గీత కనిపిస్తుంది. బౌల్ బయట ఒక్క చోటే నల్లగా కమిలి, గోరుతో నొక్కితే మెత్తగా ఉంటే లోపలి నుంచి కాలిపోయిందన్నమాట, వదిలేయండి. చెక్క మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే అవి పుట్టీ పూడ్పులు. పైపు పాడైనట్టు కాదు గానీ ధర తగ్గించి అడగొచ్చు.

కాడ బిగుసుకుపోయి ఉంటే షాపులోనే తిప్పొద్దు. నా మొదటి పైపు అలాగే మెడ దగ్గర విరిగింది.

---

కిరణ్_మలక్‌పేట | ఆదివారం, రాత్రి 10:30

మూడు రోజుల పని చెప్తాను.

సుధీర్ అన్నా, మీ మాట సరిగ్గా సమయానికి వచ్చింది. మొదటి రోజు ఊడిన కాడ రెండో రోజు మళ్ళీ పెడితే బిగుసుకుంది. వాన పడింది, చెక్క ఉబ్బినట్టుంది. బలం పెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పై అరలో అరగంట పెట్టాను, తేలిగ్గా వచ్చేసింది. మా అమ్మ మాత్రం ఐస్ ట్రే పక్కన పైపు చూసి కంగారు పడింది.

మసి గీయడానికి చాకు వాడలేదు. మార్కర్ పెన్నుకి 150 నంబరు కాగితం చుట్టి మెల్లగా తిప్పాను. నల్లటి పొడి ఇన్‌స్టంట్ కాఫీలా పేపరు మీద రాలుతూనే ఉంది. గంటన్నర పట్టింది. గోడకి పల్చటి పొర, రూపాయి బిళ్ళ మందం, వదిలేశాను. గుంటలోంచి మూడు సార్లు దూది తీశాను. మొదటిది నల్ల తారు, రెండోది టీ డికాక్షన్, మూడోది లేత గోధుమ.

పిల్లల క్రాఫ్ట్ షాపులో దొరికే రంగురంగుల తీగల్ని క్లీనర్లుగా వాడొద్దు. నూగు రాలి దారిలో ఇరుక్కుంది, తీయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. అసలైన నూలువి ఆన్‌లైన్‌లో తెప్పించాను.

కాడ విషయంలో రామం గారు చెప్పిన పసుపు బురద సరిగ్గా అలాగే కారింది. 400తోనే నలభై నిమిషాలు. నీళ్ళు నల్లబడిన క్షణం నాకు పెన్ను మొదటిసారి రాసినప్పటి ఆనందం కలిగింది. నికెల్ టోపీని మెత్తటి గుడ్డతోనే తుడిచాను, పూత పోతుందని పాలిష్ ముట్టుకోలేదు. చెక్కకి తేనె మైనం కొంచెం రాశాను. ముద్రల మీద టేపు అంటించే ఉంచాను. టేపు తీశాక 314లో 4 తోక కూడా స్పష్టంగా ఉంది.

---

వేణు_చీరాల | సోమవారం, రాత్రి 9:00

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు ఒక మాట అడగాలనిపించింది.

మా తాతయ్య ఇక్కడ పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేశాడు. అప్పటి దొర ఒకాయన దేశం వదిలి వెళ్తూ ఆయనకి ఒక పైపు ఇచ్చాడట. పగలంతా చుట్టే, రాత్రి భోజనం అయ్యాక మాత్రం అరుగు మీద కూర్చుని ఆ పైపు. తాతయ్య పోయాక అది అటక మీద ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. మొన్న తీశాను. తిన్నని చిన్న పైపు, పేరు కనిపించడం లేదు, మెడ అంతా నల్ల మడ్డి. కాడ మీద పైనా కిందా లోతుగా పంటి గాట్లు. ఎడమ వైపే, ఎందుకంటే ఆయనకి కుడి వైపు పళ్ళు లేవు.

మాధవి గారు చెప్పినట్టు వేడి చూపిస్తే ఈ గాట్లు లేచిపోతాయి కదా. చేయాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను.

---

మాధవి_బెజవాడ | సోమవారం, రాత్రి 9:35

వేణు గారూ, వద్దు. నేను చెప్పింది బజార్లో కొన్న పైపుకి. ఇవి మీ తాతయ్య గాట్లు. ఆ గోధుమ రంగు కూడా గాట్లు లేని చోట మాత్రమే మెత్తటి గుడ్డతో, ప్యూమిస్‌తో తగ్గించండి. వాటర్ పేపర్ అసలు వాడకండి.

---

సుధీర్_న్యూజెర్సీ | మంగళవారం, ఉదయం 4:50

నేనూ అదే అంటాను. అమ్మే పైపు అయితే గాట్లు తీయాలి, ధర పెరుగుతుంది. ఇది అమ్మేది కాదు కదా.

---

రామం_రాజమండ్రి | మంగళవారం, ఉదయం 6:20

వేణూ, మెడ మీద మడ్డిని ఆల్కహాల్‌తో తుడవకు నాయనా. దూదిని ఉమ్మితో గానీ గోరువెచ్చటి నీళ్ళతో గానీ తడిపి, బాగా పిండి, ఒక్కో అంగుళం చొప్పున తుడువు. తుడిచిన ప్రతిసారీ గది లైటు ఆపి, టార్చిని చెక్కకి ఆనించినట్టు పక్క నుంచి వెయ్యి. లోతు తక్కువైన అక్షరాలు ఎదురుగా చూస్తే కనిపించవు, వాలు వెలుతురులో నీడ పడి లేస్తాయి. ఏదైనా అక్షరం కనబడగానే అక్కడ ఆగిపో.

---

వేణు_చీరాల | బుధవారం, రాత్రి 10:15

ఆగిపోయాను రామం గారూ.

ఎడమ పక్క మడ్డి కింద రెండు మాటలు ఉన్నాయి. మొదటి మాటలో 'బ్రు' దాకా, తర్వాత 'గారాంటీ' అని పూర్తిగా చదవగలిగాను. టార్చి ఆపితే మళ్ళీ మాయమవుతోంది.

---

శైలజ_డబ్లిన్ | బుధవారం, రాత్రి 11:05

'బ్రుయేర్ గారాంటీ' అయ్యుంటుంది వేణు గారూ. అసలైన బ్రయర్ అని ఫ్రెంచిలో. ఫ్రాన్స్ పైపుల మీద ఈ ముద్ర చాలా ఎక్కువ. జురా కొండల్లో సెయింట్ క్లోడ్ అనే ఊరు పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి బ్రయర్ పైపులకి పెట్టింది పేరు, అక్కడి నుంచి ప్రపంచమంతా వెళ్ళేవి. ఇంగ్లీషు దొర చేతిలో ఫ్రెంచి పైపు ఉండటం వింతేమీ కాదు. ఇది సెయింట్ క్లోడ్‌దే అని ఈ రెండు మాటలతో చెప్పలేం గానీ, ఫ్రెంచిది అయ్యే అవకాశం మాత్రం ఎక్కువ.

---

వేణు_చీరాల | గురువారం, ఉదయం 7:30

నాన్నకి చూపించాను. లైటు ఆపి, టార్చి వేసి, ఆ రెండు మాటలూ చదివి వినిపించాను. ఇన్నేళ్ళూ ఇంగ్లండు పైపు అనే చెప్పుకున్నాం అన్నాడు. తర్వాత పైపు తీసుకుని ఎడమ వైపు గాట్లలో తన పళ్ళు ఆనించి చూశాడు. సరిపోలేదు, తాతయ్య పళ్ళు వెడల్పుట.

మిగతా మడ్డి అలాగే ఉంచుతున్నాను. కిరణ్ గారూ, ఆ నూలు క్లీనర్లు ఎక్కడ తెప్పించారో చెప్పండి, లోపలి దారి మాత్రం శుభ్రం చేస్తాను.